ఇప్పపూల బండి

గుట్ట సగం ఎక్కాక బండి కటకటా పళ్ళు కొరికింది. రెండుసార్లు దగ్గి ఆగిపోయింది.

వెనక సీట్లో కూర్చున్న జానకమ్మ దొరసాని, మడిచిన గొడుగుతో డ్రైవరు సీటును ఒక్క పోటు పొడిచింది. "మల్ల ఆగింది! ఏందిది రసూలూ?"

"జర ఆగుండ్రి దొరసానమ్మా, ఇంజన్ బాగ వేడెక్కింది," అంటూ గులాం రసూల్ దిగి బానెట్ ఎత్తాడు. వేడిగాలి మొహాన కొట్టింది. దాని నిండా ఇప్పపువ్వు వాసన.

జర్మనీతో లడాయి మొదలైన దగ్గర్నుంచి పెట్రోలు కంటికి కనబడటం లేదు. ఇప్పపువ్వుతో కాచిన స్పిరిట్ ఇచ్చి, దీంతో నడుపుకోమంది సర్కారు. మామూలు బస్సులు మూలుగుతూనో ముక్కుతూనో దానికి అలవాటు పడ్డాయి. దొరసాని బండి అలాంటిలాంటిది కాదు. ఇంజన్‌లోకి గాలిని బలవంతంగా కుక్కే సూపర్‌చార్జర్ అనే పంపు ఉంది దానికి. వనపర్తి చుట్టుపక్కల ఇంకెవరికీ లేదు. అందుకే కాబోలు, కొత్తల్లుడిలా ఏది పెట్టినా మొహం తిప్పుకుంటోంది.

"చూడు రసూలూ," అంది దొరసాని. "ఎల్లుండి నాగర్‌కర్నూల్ పోయి నా బిడ్డను, పసిగుడ్డును తోల్కరావాలె. బాలెంత ఎడ్లబండి కుదుపులకు తట్టుకోదు. రేపు పొద్దున ఈ గుట్ట ఎక్కిందా, సరే. ఎక్కలేదా, బండి అమ్మేస్త. నువ్వు మల్ల సైకిళ్ళకు పంచర్లేసుకో."

"ఎక్కుతది దొరసానమ్మా. ఎక్కించే జిమ్మ నాది!"

"ఇంకొకటి. బండిల స్పిరిటంత తీసి నీ ఇంట్ల పెట్టుకో. నా షెడ్డుల ఉంటె తోట మాలీలు తాగి పండుతున్నరు. నువ్వు నమాజు చేసెటోనివి, నీ కాడ భద్రం."

ఎడ్లతో లాగించి బండిని షెడ్డుకు చేర్చాక, పొద్దుగూకేదాకా రసూల్ దానితో కుస్తీ పట్టాడు. ఇంజన్‌లోకి స్పిరిట్ దిగే రంధ్రాన్ని ఇంకాస్త పెద్దది చేశాడు. నిప్పురవ్వ పడే వేళను కాస్త వెనక్కి జరిపాడు. అతనికి తెలిసిన విద్య అంతే, అదీ అయిపోయింది. చివరికి ట్యాంకులోని స్పిరిట్‌ను రబ్బరు పైపుతో నోటితో పీల్చి డబ్బాలోకి దించి, ఇంటిదారి పట్టాడు.

గుమ్మంలోనే భార్య కుల్సుమ్‌బీ ముక్కు ఎగబీల్చింది. "అజీ, ఏం వాసన అది?"

"మోటారు తాగే నూనె."

"మోటారు తాగెడిదైతె నీ నోరెందుకు వాసనొస్తది?"

"పైపుతోని పీల్చిన. పీలిస్తెనే దిగుతది."

"కండ్లు గూడ పైపుతోనే ఎర్రగైనయా?"

రసూల్‌కు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. పుట్టి బుద్ధెరిగాక చుక్క ముట్టని మనిషి. డబ్బాను వంటింటి మూల పెట్టి, నోరు పుక్కిలించి, మజీదుకు బయలుదేరాడు.

"అట్లనన్న పో, దేవుడు సూస్తుండు," అంది కుల్సుమ్‌బీ వెనక నుంచి. అంతలోనే గొంతు మెత్తబడింది. "అజీ, ఆ బండిల నన్నెప్పుడన్న కూసోబెడ్తవా?"

"దొరసాని బండి అది. పనున్నోళ్ళే ఎక్కాలె."

మర్నాడు పొద్దున్నే డబ్బాను బండిలో ఒంపి, గుట్ట కింద బండి ఆపి రసూల్ బిస్మిల్లా అన్నాడు. వెనక సీట్లో దొరసాని గొడుగు పట్టుకుని సిద్ధంగా ఉంది. బండి కదిలింది. సగం గుట్ట వచ్చింది. కటకట లేదు, దగ్గు లేదు. వెన్న రాసినట్టు పైదాకా పోయింది. గుట్ట మీద మేకలు కాసుకునే ఎల్లమ్మ చప్పట్లు కొట్టింది.

"శెభాష్ రసూలూ! ఏం చేసినవ్?" అంది దొరసాని.

"సూది మొనంత తేడా దొరసానమ్మా. చెయ్యి తిరగాలె గద," అన్నాడు రసూల్, మీసం మీద చెయ్యి వేసుకుని. ఆ మాట అంటుంటే అతనికి కడుపు నిండింది.

బంగ్లా చేరేసరికి సర్కారు నుంచి కొత్త స్పిరిట్ పీపా వచ్చి ఉంది. దొరసాని దాన్ని కొట్టులో పెట్టించి తాళం వేసి, తాళంచెవి నడుమున దోపుకుంది. "ఇగ నీకు మోసే బాధ లేదు. రేపు పొద్దున ఇదే పోసుకొని పోదాం."

సాయంత్రం రసూల్ ఇల్లంతా తన గొప్పే మోగించాడు. జొన్నరొట్టె తింటూ మాటల్లోనే రెండోసారి గుట్ట ఎక్కించాడు, మూడోసారి ఎక్కించబోతూ పీపా సంగతి చెప్పాడు. కుల్సుమ్‌బీ మొహం వెలిగిపోయింది.

"ఇగ ఆ డబ్బ మనింటికి రాదా? బతికిపోయిన! నాకు బాయి కాడికి పోయే పని తప్పింది."

"డబ్బకు, బాయికి ఏం సంబంధం?"

కుల్సుమ్‌బీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "తిట్టొద్దు మరి. నిన్న నువ్వు నమాజుకు పోయినప్పుడు దాంట్లకెల్లి రెండు చెంబులు తీసి పెంట మీద పారబోసిన. రెండు చెంబులు నీళ్ళు కలిపిన. ఎట్లైన తాగుతవ్, జర తక్కువ ఎక్కుతదిలే అని."

రసూల్ చేతిలో రొట్టె ఆగిపోయింది. ఇంజన్ వేడిని దించింది ఆ నీళ్ళ చలువ! తను నిన్న పొద్దంతా తిప్పిన మరలు కాదు. రేపేమో పీపాలో ఉన్నది నీళ్ళు తగలని స్పిరిట్. ఎదురుగా గుట్ట. వెనక సీట్లో బాలెంత.

మీసం మీది చెయ్యి మెల్లగా దిగింది. ఆపుకుందామన్నా ఆగకుండా నవ్వొచ్చింది. భార్య వంక ప్రేమగా చూశాడు.

"రేపు పొద్దుగాల్నె తయారుండు కుల్సుం. బండిల నీకు పనుంది. ఆ చెంబు మర్చిపోకు."