దూరానికి ఇంకో అర్థం

“డిస్టెన్స్ రన్నర్‌ని డచ్‌లో ఏమంటారు?”

“అఫ్‌స్టాండ్స్‌లోపర్, పంతులమ్మగారూ.”

“హాయిగా టీచర్ అనొచ్చుగా! ఈ పంతులమ్మ ఏమిటే, పాతకాలంలా?”

“మన తెలుగు పుస్తకాల్లోంచి నేర్చుకున్నానండీ. వాటిలో ఇలాగే ఉంది.”

సొంత భాష కూడబలుక్కునే ఆ పిల్లకి డచ్ మాత్రం మంచినీళ్లప్రాయం. గొంతులో చేపముల్లు దిగినట్టు పలకాల్సిన ‘గ’ అక్షరం పట్టుబడటానికి, పంతులమ్మకి పడుచుతనంలో డచ్‌వాళ్ల దేశంలో ఉన్న రోజులన్నీ సరిపోయాయి. ఈ పిల్లకి పాఠాలు మొదలైన వారంలోనే పట్టుబడింది. ఏకసంథాగ్రాహి అని ఆవిడ మురిసిపోయేది.

అనువాద సంస్థలో ఉద్యోగానికి పంతులమ్మ సంతకం కావాలి. ఒక్క తప్పున్నా ఆవిడ సంతకం చెయ్యదు. తమ్ముడి కూతురికే చెయ్యలేదు, ఆ ఇంటితో ఇప్పటికీ మాటల్లేవు. ఇవాళ ఆఖరి పరీక్ష. ‘డిస్టెన్స్’ అనే ఇంగ్లీషు మాట, దాని సమాసాలు.

నోటి ప్రశ్నలయ్యాక ఆవిడ పేపరు అందుకుంది. ‘లాంగ్ డిస్టెన్స్ కాల్’ దగ్గర అందరూ బోల్తా పడతారు, డచ్‌లో అక్కడ దూరం అనే మాటే రాదు. పిల్ల పడలేదు. పంతులమ్మ ఎర్రకలం మూత తియ్యకుండానే పేజీ తిప్పింది. చివరి వాక్యం దగ్గర తీసింది.

“‘మా అమ్మ లాంగ్ డిస్టెన్స్ మదర్.’ అంటే వేరే ఊళ్లో ఉండి ఫోన్లో పెంచే తల్లి. దీనికేం రాశావే?”

“అఫ్‌స్టాండ్స్‌మూడర్.”

“ఒడ్డుకొచ్చాక పడవ ముంచావు కదే! అఫ్‌స్టాండ్ అంటే దూరమే కాదు, వదులుకోవడం కూడా. దానికి తల్లి అనే ‘మూడర్’ అతికించావంటే, కన్నబిడ్డని ఎవరికో ఇచ్చేసిన తల్లి అని అర్థం.” పంతులమ్మ ఎర్రకలానికి మళ్లీ మూత పెట్టేసింది. “ఆ మాట అంత తేలిగ్గా రాసేది కాదే.”

“అయితే కొట్టెయ్యండి.”

“ఉద్యోగం పోతుందే, పిచ్చిమొహమా! తెలియక రాశానని ఒక్క మాట అను. ఈసారికి చూసీ చూడనట్టు పోతాను.”

అంత మెత్తదనం ఆవిడ దగ్గర ఇంతవరకూ ఎవరూ ఎరగరు. పిల్ల తల అడ్డంగా ఊపింది. ఈసారి ముందున్న ‘పంతులు’, వెనకున్న ‘గారు’ రెండూ తీసేసి పిలిచింది.

“తెలిసే రాశాను, అమ్మా.”