తడికల లోపల

కనకమ్మ సత్రం బజారులో ఆదికేశవులు బట్టల కొట్టుకు అడ్డంగా ఒక మూడుచక్రాల బండి వచ్చి ఆగింది.

“ఏందప్పా, బేరాలు వచ్చే దావలో బండి పెడితే ఎట్లా?” అన్నాడు ఆదికేశవులు.

బండిలోని మనిషి చేత్తో పిడి తిప్పుకుంటూ దాన్ని పక్కకు జరిపాడు. నలభై ఏళ్ళుంటాయి. రెండు కాళ్ళూ చిన్నప్పుడే పోలియోతో చచ్చుబడ్డాయి.

“బేరానికి రాలేదయ్యా. మాది తిరువాలంగాడు. నా పేరు మునెయ్య. ఒక లెటర్ కావాల.”

“ఏం లెటర్?”

“తిరువళ్ళూరులో వికలాంగ కళాకారుల పేర్లు రాసుకుంటా ఉండారు. పేరెక్కితే ప్రదర్శనల్లో చోటిస్తారంట, పిల్లోళ్ళకి నేర్పే పని ఇస్తారంట. ఈ పక్క ఉత్సవ కమిటీ పెద్ద ఎవరైనా, ఈయన కళాకారుడే అని రాసియ్యాలంట. రేపే కడసరి దినం.”

ధర్మరాజుల గుడి ఉత్సవ కమిటీకి ఆదికేశవులే పెద్ద. మంచివాడే. కాకపోతే తాను మంచివాడినన్న సంగతి ఆయనకు కాస్త ఎక్కువగా తెలుసు.

“నీ కళ ఏంది?”

“మట్టిపని అయ్యా. బొమ్మలు.”

“యాడ చేసినావు? ఫోటోలుండాయా?”

“లేవయ్యా. నేను చేసింది పొద్దుగూకేసరికి ఉండదు.”

ఆదికేశవులు నవ్వాడు. “బాగుండాది కత! పోనీ, ఎవరన్నా చూసినారా?”

“ఊరంతా చూసినారయ్యా.”

“ఏ ఊరు?”

మునెయ్య నోరు తెరిచి, మళ్ళీ మూసుకున్నాడు.

కొట్టులో బెంచీ మీద కుమ్మరి ధనకోటి కూర్చుని ఉన్నాడు. ఏటా ఉత్సవానికి దుర్యోధనుడి మట్టిబొమ్మ చేసే హక్కు తాతల నాటి నుంచి అతని ఇంటిదే.

“మట్టి సంగతి ఈయన కంటే ఎవరికి తెలుసు? ధనకోటీ, ఈ మనిషి నీకు తెలుసునా? నువ్వు ఊ అను, ఇప్పుడే సంతకం పెడతా.”

ధనకోటి చేతులు ఒళ్ళో ముడుచుకున్నాడు.

“తెలీదయ్యా,” అన్నాడు నేల చూస్తూ.

మునెయ్య అతని వంక ఒక్కసారి చూశాడు. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు.

“సరి అయ్యా. వస్తాను.”

బండి మలుపు తిరిగింది.

“తెలీనోడికి సంతకం పెడితే రేపు నా పరువేం కావాల?” అన్నాడు ఆదికేశవులు.

అయినా ఆయన మునెయ్యను వెనక్కి పిలిచి ఇంకొక్క మాట అడిగి ఉండాల్సింది. అడగలేదు.

నెలన్నర గడిచింది. దుర్యోధన వధ రోజు వచ్చింది.

గుడి ముందు మైదానంలో నలభై అడుగుల దుర్యోధనుణ్ణి మట్టితో చేసి పడుకోబెడతారు. చేసేటప్పుడు చుట్టూ తడికలు కడతారు. కళ్ళు దిద్దేదాకా కుమ్మరి ఇంటివాళ్ళు తప్ప ఎవరూ లోపలికి పోకూడదు. బొమ్మ మీద ఇంకో చెయ్యి పడిందని తెలిస్తే ఆ ఇంటికి హక్కు పోతుంది. మధ్యాహ్నం భీముడు తొడ పగలగొట్టాక, ఆడవాళ్ళు ఆ మట్టిని శుభమని కొంగున కట్టుకుపోతారు. సాయంత్రానికి అక్కడ ఉత్త నేలే మిగులుతుంది.

కొన్నేళ్ళుగా ఆ బొమ్మ ముఖం గురించి తిరుత్తణి దాకా చెప్పుకుంటున్నారు. మీసం మెలితిరిగే ఉంటుంది. కళ్ళు మాత్రం అందరూ వదిలేసిపోయిన మనిషివి. ఎంత పాపాత్ముడైనా అయ్యో పాపం అనిపించి ఆదికేశవులు ఏటా కళ్ళు తుడుచుకునేవాడు. “మా ధనకోటి చేతిలో దేవుడుండాడు” అని కనిపించిన వాడికల్లా చెప్పేవాడు.

ఈసారి పది దాటినా తడికలు తీయలేదు.

భీముడి వేషగాడు గద భుజాన వేసుకుని ఎండలో నిలబడ్డాడు. డప్పులు మోగీ మోగీ ఆగిపోయాయి. జనం గొణుగుతున్నారు.

ఆదికేశవులు ఇక ఉండబట్టలేక తడిక తోసుకుని లోపలికి పోయాడు.

పొడుగ్గా ఒక మట్టికుప్ప. ముఖం ఉండాల్సిన చోట వట్టి ముద్ద. దాని పక్కన ధనకోటి తేలు కుట్టిన దొంగలా కూర్చుని ఉన్నాడు. రెండు చేతులూ వణుకుతున్నాయి.

“ఏందిది ధనకోటీ! ఊరంతా బయట నిలబడుండారు. మొగం యాడ?”

“నాకు రాదయ్యా. చేతులకి వణుకొచ్చి ఏడేండ్లయింది.”

“ఏడేండ్లా? పోయినేడు చేసినావు గదా!”

“మునెయ్య చచ్చిపోయినాడయ్యా. పన్నెండు దినాలయింది.”

“ఎవరా మునెయ్య?”

“లెటర్ కోసరం నీ కొట్టుకి వచ్చినాడే, మూడుచక్రాల బండిలో. లెటర్ లేకనే తిరువళ్ళూరికి పోయి, పేరెక్కక తిరిగొచ్చినాడు. అప్పట్నించి అన్నం సరిగ్గా ముట్టలేదంట. జొరం పట్టుకునింది, వదల్లేదు.”

ఆదికేశవులుకు ఇంకా అర్థం కాలేదు.

“పాపమే. దానికీ దీనికీ సంబంధం ఏంది?”

ధనకోటికి ఏడుపు ఆగలేదు.

“ఆ దినం వాడు ఒక్క మాట చెప్పింటే, నువ్వే పిలిచి కూర్చోబెట్టి సంతకం పెట్టింటావు. చెప్తే నా ఇంటి హక్కు పోతాదని నోరు తెరవలేదు. నేనేమో తెలీదన్నాను.”

“ఏం మాట?” అన్నాడు ఆదికేశవులు.

“ఏడేండ్లుగా రాత్రిపూట ఈ తడికల లోపల నేల మీద పాక్కుంటా ఆ మొగం చేసింది వాడే అయ్యా, నేను వాకిట్లో కావిలి కూర్చున్నోణ్ణి.”