రెండు 'ఈ'ల పందెం

"అలా కాదు తాతయ్యా. 'బీ'లో ఇంగ్లీషు 'ఈ' అక్షరం రెండుసార్లు ఉంది కదా, రెండూ వినపడాలి. పెదాలు బాగా సాగాలి. పళ్ళు కనపడాలి."

"తేనెటీగకి నా పళ్ళతో ఏం పనే?"

"అది రూల్."

రూల్ అంటే తాతయ్యకి రూలే. ఉద్యోగకాలమంతా సిటీ బస్సుల్లో టికెట్లు తనిఖీ చేసిన మనిషి. నవ్వే ఇన్‌స్పెక్టరుకి ఎవరూ జరిమానా కట్టరని చేరిన రోజే తేల్చుకున్నాడు. రిటైరయ్యాడు గానీ, ఆ ముఖం మాత్రం ఇంకా డ్యూటీ దిగలేదు. పెళ్ళి ఫొటోలో కూడా పెళ్ళికూతురి దగ్గర టికెట్ ఉందా లేదా అని చూస్తున్నట్టే ఉన్నాడని అమ్మమ్మ ఇప్పటికీ దెప్పుతుంటుంది.

"బీ... ఈ... తేనెటీగ," అన్నాడు తాతయ్య.

"కరెక్ట్," అంది మనవరాలు.

ఈ గొడవంతా పొద్దున మొదలైంది. రెండు 'ఈ'లు పక్కపక్కనే ఉండే పొట్టి ఇంగ్లీషు మాటల్ని మనవరాలు వల్లె వేస్తుంటే తాతయ్య ఊరుకోలేకపోయాడు. "ఇవీ ఒక మాటలేనా? రెండు స్టాపుల మధ్య నేర్చేసుకుంటా," అన్నాడు.

వంటింట్లోంచి అమ్మమ్మ అందుకుంది. "అయితే పందెం. మధ్యాహ్నం అర్థాలతో సహా అప్పజెప్పండి. ఒక్కటి తప్పినా టీవీ రిమోట్ నెలంతా నాది. వార్తల టైములో కూడా."

"తప్పకపోతే?"

"నెలంతా మీదే. నా సీరియల్ టైములో కూడా."

వార్తలు లేని సాయంత్రం ఎలా ఉంటుందో తాతయ్య ఊహకి అందలేదు. అప్పటినుంచీ స్నానాల గదిలో కూడా అవే మాటలు, అవే అర్థాలు.

మధ్యాహ్నానికి అమ్మమ్మ హంగామా మొదలుపెట్టింది. ముందు ఆయన చేత ఇస్త్రీ చొక్కా తొడిగించింది.

"ఇంట్లో పరీక్షకి ఇదెందుకే?"

"పిల్ల ముందు కాస్త పరువుగా కూర్చోండి."

తర్వాత కుర్చీ కిటికీ దగ్గరికి జరిపించింది. అక్కడైతే పిల్లకి పుస్తకం బాగా కనపడుతుందట. తనూ తల దువ్వుకుని వచ్చి పక్క కుర్చీలో చేరింది.

"నువ్వెందుకు ఇక్కడ?"

"మీరు కాపీ కొట్టకుండా."

ఎదురుగా సోఫాలో అల్లుడు ఎప్పటిలాగే ఫోను ముఖానికి అడ్డం పెట్టుకుని కూర్చున్నాడు. కొంప మునిగినా ఈయనగారికి పట్టదు అనుకున్నాడు తాతయ్య. అల్లుడి తల వెనక టీవీ, టీవీ పైన ఒక ఖాళీ ఫ్రేము. కూతురు కొనిచ్చి కిందటి నెలలోనే మేకు కొట్టించి తగిలించింది. అందులో పెట్టడానికి తగింది ఒక్కటీ దొరకలేదని అమ్మమ్మ దాన్ని అలాగే ఉంచేసింది. రోజూ దుమ్ము మాత్రం తుడుస్తుంది.

"తర్వాతది. నీ."

"నీ... ఈ... మోకాలు. నొప్పి పెట్టేది."

"నొప్పి అర్థంలో లేదు తాతయ్యా."

"నీకు లేదులే. మాకుంది," అంది అమ్మమ్మ.

"సీప్?"

"సీ... ఈ... ప్. చెమ్మ ఊరడం. మన బాత్రూం గోడ."

"ఫ్లీ?"

"ఫ్లీ... ఈ... పారిపోవడం. బస్సులో నన్ను చూసి జనం చేసే పని."

"మీక్?"

"మీ... ఈ... క్. సాధువు. నోట్లో నాలుక లేనివాడు." తాతయ్య చెయ్యి తన గుండె మీద వేసుకున్నాడు. "ఇదిగో, ఎదురుగా."

అమ్మమ్మకి పొలమారింది. దగ్గుతూ కుర్చీలో ఇటూ అటూ ఊగింది.

"అయ్యో, కదిలిపోయింది," అన్నాడు అల్లుడు.

"ఏమిటి కదిలింది?"

"అదే... నెట్‌వర్క్, మామయ్యగారూ."

మాట వెనక మాట అప్పజెబుతూ తాతయ్య చివరిదాకా వచ్చేశాడు. గొంతులో ధీమా పెరిగింది. సాయంత్రం వార్తల సంగీతం అప్పుడే చెవిలో మోగుతోంది.

"ఇదే ఆఖరిది. హీడ్."

తాతయ్య పొద్దున సబ్బు రుద్దుకుంటూ కూడా అన్న మాటే. అర్థం మాత్రం నీళ్ళతో పాటే పోయింది. కనుబొమలు ముడిపడ్డాయి, మీసం వాలిపోయింది. రిమోట్ చేజారుతున్నట్టే అనిపించింది.

అమ్మమ్మ ఆయన వైపు వంగి, "నేను చెబితే మీరు ఏనాడూ చెయ్యనిది," అంది మెల్లగా.

"మాట వినడం," అన్నాడు తాతయ్య ఒక్క గుక్కలో.

"అమ్మమ్మా, అందించావు."

"నేనెక్కడ అందించానే? మొగుణ్ణి తిట్టుకున్నాను. తాతయ్యని మాట కూడా పలకమను, పూర్తిగా."

"హీ... ఈ... డ్."

"ఇంకాస్త సాగదీయండి, మామయ్యగారూ," అన్నాడు అల్లుడు ఫోను దించకుండానే.

"హీ... ఈ... ఈ..."

"ఆఁ, చాలు," అంది అమ్మమ్మ.

మనవరాలు చప్పట్లు కొట్టింది. తాతయ్య రిమోట్ అందుకుని చొక్కా జేబులో పెట్టుకున్నాడు, ఎవరో టికెట్ లేకుండా ఎత్తుకుపోతారన్నట్టు. పెళ్ళాన్ని చూస్తే జాలేసింది. చేతిలో ఉన్న పందేన్ని తనే జారవిడుచుకుంది, ఏం మనిషో.

అల్లుడు బజారుకెళ్ళాలంటూ చెప్పుల్లో కాళ్ళు పెట్టాడు. గంటలో తిరిగొచ్చి ఒక కవరు అత్తగారి చేతికిచ్చాడు. ఆవిడ దాన్ని పట్టుకుని హాల్లోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసింది. దుమ్ము తుడుస్తోంది కాబోలు అనుకుని తాతయ్య తన గదిలో కునుకు తీశాడు.

వార్తల వేళకి దర్జాగా వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. అమ్మమ్మ అప్పటికే పక్క కుర్చీలో ఉంది.

"నీ సీరియల్ పోయిందిగా, పాపం."

"పోతే పోనివ్వండి," అంది ఆవిడ, ఎదుటి గోడమీంచి కళ్ళు తిప్పకుండా.

ఈవిడకి ఏమైంది అనుకుంటూ తాతయ్య కూడా తలెత్తాడు.

టీవీ పైన ఫ్రేములో, భార్య పక్కన, ఇన్‌స్పెక్టరుగారు పళ్ళన్నీ కనపడేలా నవ్వుతున్నారు.