మూసలో స్ఫటికం

“బొటనవేలంత స్ఫటికం తెచ్చి నా బల్ల మీద పెట్టు, నీ డాక్టరేటు పట్టా కాగితాల మీద సంతకం పెట్టేస్తాను. అప్పటిదాకా ఉద్యోగమూ లేదు, గిద్యోగమూ లేదు,” అని ప్రొఫెసర్ క్రెబ్స్ తలుపేసుకున్నాడు.

మారిట్ కళ్లు తుడుచుకుంటూ ప్రయోగశాలకు వచ్చింది. కిటికీ అవతల అయోవా మొక్కజొన్న చేలన్నీ మంచు కింద ఉన్నాయి. ఈ ఊళ్లో ఆమెకిది ఆరో చలికాలం. డులూత్ నగరంలో ఇస్తామన్న ఉద్యోగం సోమవారం దాటితే ఇంకొకరికి పోతుంది. ఆక్సైడు పొడిని ఉప్పులో కలిపి కొలిమిలో కరిగించడం, వారాల తరబడి మెల్లగా చల్లార్చడం, చివరికి ఆవగింజలంత ముక్కలు చూసి ఏడవడం. ఇదే బతుకైపోయింది.

మళ్లీ పెట్టిన కొలిమి ఆవేళే చల్లారింది. ప్లాటినం మూసను బయటికి తీసి, లోపల గడ్డకట్టిన ఉప్పు మీద వేడినీళ్లు పోసింది. ఉప్పు కొంచెం కొంచెంగా కరిగింది. అడుగున ఏదో నల్లగా తళుక్కుమంది.

“వెండెల్! ఒక్కసారి ఇటు రా!”

వెండెల్ అక్కడి విద్యార్థులందరిలోకీ పాతవాడు. అదే స్ఫటికం కోసం ఆమెకన్నా ముందునుంచీ తంటాలు పడుతున్నవాడు. శాండ్‌విచ్ నములుతూ వచ్చి, మూసలోకి తొంగిచూసి నమలడం మానేశాడు. ఆవగింజల మధ్య అద్దంలా మెరుస్తూ, అచ్చం బొటనవేలంత!

“ప్రొఫెసర్‌కి ఇప్పుడే చూపించి వస్తాను!”

“ఆగు పిచ్చిపిల్లా.” వెండెల్ దారికి అడ్డం నిలబడ్డాడు. “నేనింకా ఇక్కడెందుకు పడున్నాననుకున్నావ్? రెండో ఏడే ఇలాంటిది తీశాను. మురిసిపోతూ చూపించాను. ‘నీ చేతిలో ఏదో ఉందోయ్, ఇంకోటి చెయ్’ అన్నాడు. ఆ తర్వాత ఇంకోటి. చేతనైనవాళ్లని ఆయన వదలడు తల్లీ.”

మారిట్ మూసను తిరిగి బల్ల మీద పెట్టింది. “మరి నిరుడు పట్టా తీసుకెళ్లిన ట్రిషా ఎలా బయటపడింది?”

“ఎప్పుడు చూసినా ఆవగింజలే పట్టుకెళ్లింది. విసుగెత్తి సంతకం పడేశాడు.”

మారిట్ మూసకేసి చూసింది. చూపిస్తే ఉంచేస్తాడు. చూపించకపోతే విసుగెత్తేదాకా ఆగాలి. అయినా ఆయన ఇప్పటికే విసిగి ఉన్నాడు.

“ఇదెక్కడ దాచను?” అంది నీరసంగా.

“నా దగ్గరుంచుతాలే. నువ్వు ఆ చిన్నవి కడిగి, శుభ్రంగా ఆరబెట్టుకుని వెళ్లు. తొందరపడితే అనుమానం వస్తుంది.”

ఆమె అలాగే చేసింది. ముక్కలు ఆరాక గాజుపళ్లెంలో పోసుకుని వెళ్లి ప్రొఫెసర్ ముందు పెట్టింది. ఆయన వాటిని వేలితో కెలికి నిట్టూర్చాడు. పెన్ను చేతిలోకి తీసుకున్నాడు.

ఆయన ఆ పెన్నును జేబులో పెట్టుకున్నాడు.

“దిగులుపడకు అమ్మాయ్, ఇంకో మూస ఎక్కించు. వెండెల్ ఎన్నేళ్లు ఓపిక పట్టాడు! ఇందాకే బొటనవేలంతది తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. సంతకం పెట్టేశాను, ఈపాటికి ఊరు దాటి ఉంటాడు.”