పురికొసకు నాలుగు ముడులు

మళ్లీ అదే పురికొస!

ఫోటోగ్రాఫర్ కెమెరా దించి పళ్లు కొరికింది.

ఎర్ర డేలియా అప్పుడే విప్పుకుంది. ఈ పొద్దుటి వెలుతురు నిలిచేది పది నిమిషాలే. తీరా చూస్తే పువ్వు కింద కాడకు జానెడు పురికొస వేలాడుతోంది. దానికి వరసగా నాలుగు ముడులు.

పక్కనున్న పసుపు పువ్వుకు ఒక ముడి. అవతల ఊదా పువ్వుకు ఆరు.

"ఇది నీ పనేనా తాతా?"

మడి గట్టు మీద కూర్చున్న ముసలాయన మోకాళ్లు పట్టుకుని లేచాడు. ఆ తోటలో మాలిగా చేసి ఎప్పుడో రిటైరయ్యాడు. అయినా తెల్లారేసరికి వచ్చి వాలతాడు.

"నాదేనమ్మా."

"కాడ విరిగిందా?"

"లేదమ్మా. గుర్తు కోసం."

"ఎవరికి?"

"ఒకావిడ వస్తారు. ఏడాదైంది రాక. ఒంట్లో బాగోలేదేమో. వచ్చేసరికి అన్నీ సిద్ధంగా ఉండాలి గదా?"

"ఎందుకీ ముడులు?"

"అది చెప్పకూడదు. పిల్లకు తెలిస్తే బెంగపెట్టుకుంటుందని నాతో ఒట్టు వేయించుకున్నారు."

ముసలాయనకు మతి చలించిందనుకుంది. పురికొస పుటుక్కున తెంపి, కెమెరా సంచిలో పడేసింది.

ఆమె తొందర ఆమెది. అమ్మ పోయి ఏడాది. ఆవిడ పేరున్న చిత్రకారిణి. బతికున్నన్నాళ్లూ వేరే ఊళ్లో ఉండి, నెలకోసారి ఫోన్లో "బాగున్నావా" అనడం తప్ప కూతురు చేసిందేమీ లేదు. అడిగినప్పుడల్లా "నాకేం, గుండ్రాయిలా ఉన్నాను" అనేది అమ్మ. కూతురు నమ్మేసింది. నమ్మితే పని తేలిక.

ఇప్పుడు ఒక పుస్తకం వేస్తోంది. ఒక పేజీలో అమ్మ ఈ తోటకొచ్చి గీసిన పువ్వు, ఎదుటి పేజీలో అదే తోటలో అదే పువ్వు ఫోటో. దీనితోనైనా మనసులో ముల్లు ఊడుతుందని ఆశ.

"చివరి ఏడేళ్ల బొమ్మలే వేద్దాం మేడమ్. ఆవిడ రంగులు పండింది అప్పుడే" అన్నాడు పబ్లిషర్.

మర్నాడు చూస్తే మళ్లీ ముడులు. ఆ మర్నాడూ అంతే.

ఇక ఒళ్లు మండి, తోట ఆఫీసరు గదికి వెళ్లింది.

"పూలకు ఉరితాళ్లు కడుతున్నాడండీ ఆ పెద్దాయన! నేను ఫోటోలు తీసేదెట్లా?"

"పాపం పెద్దవాడు కదా అని ఊరుకున్నాం. రేపట్నుంచి లోపలికి రానివ్వంలెండి."

అన్నట్టే చేశాడు.

మర్నాడు ముసలాయన గేటు బయట, ఊచలు పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆమెను చూడగానే మొహం విప్పారింది.

"అమ్మా, ఆ ఎర్రదానికి ఇవాళ నాలుగు చాలవు, ఐదు వెయ్యాలి. ఎండకు ముదిరింది. నీ చేత్తో ఆ ఒక్క ముడీ వేసిపెడతావా?"

"సరేలే తాతా" అంది, ఆగకుండానే.

వెయ్యలేదు.

నెల తిరిగేసరికి ఫోటోలన్నీ అద్దంలా వచ్చాయి. ఎక్కడా ఒక్క పీచు లేదు. చివరి రోజు తోటకు వెళ్తే గేటు దగ్గర ఆ మనిషి లేడు.

"తాత రాలేదా?" అని వాచ్‌మన్‌ని అడిగింది.

"పోయాడు మేడమ్. పది రోజులైంది. ఇక్కడే వానలో నానాడు, జ్వరం పట్టుకుంది. ఇంటికి పొమ్మంటే వింటేనా? 'నేను లోపల లేకపోతే ఆవిడ ఇబ్బంది పడతారు' అని ఒకటే గొణుగుడు."

"ఎవరావిడ?"

"ఏమో! ఎవరికి చెప్పాడు గనక?"

ఆఫీసరుకు ఫిర్యాదు చేసిన నోరు తనదే. ఆ రోజు ఒక్క ఫోటో కూడా తియ్యకుండా వెనక్కి వచ్చేసింది.

ఇక పుస్తకానికి మిగిలింది ఆఖరి పేజీ. అందులో అమ్మ రంగుల పెట్టె ఫోటో వెయ్యాలి. అమ్మ పోయాక ఆ పెట్టెను ఎవరూ ముట్టలేదు. కిటికీ పక్కన బల్ల మీద పెట్టి, దుమ్ము తుడిచి, మూత తెరిచింది.

రంగుల ట్యూబులు వరసగా పడుకుని ఉన్నాయి.

ప్రతి ట్యూబు మెడకూ పురికొస.

పసుపుకు ఒక ముడి. ఊదాకు ఆరు.

కెమెరా సంచి అడుగు నుంచి, తను తెంపిన ముక్కను బయటికి లాగింది. ఎరుపు ట్యూబును దాని పక్కన పెట్టింది. కళ్లు మూసుకుని రెండింటినీ వేళ్లతో తడిమింది.

నాలుగు. నాలుగు.

ట్యూబుల కింద మడతపెట్టిన కాగితం ఒకటుంది. కంటి డాక్టరు రాసిచ్చినది. తేదీ ఏడేళ్ల కిందటిది.

'రంగులు పోల్చుకునే చూపు రెండు కళ్లలోనూ పూర్తిగా పోయింది. ఇక తిరిగి రాదు.'

పుస్తకం కోసం ఏరిన ముప్ఫై రెండు బొమ్మల్లో ప్రతి రంగునూ చూసిన కళ్లు, పది రోజుల కిందట మూతపడ్డ ఆ ముసలాయనవి.