గూగ్లీ గుట్టు

"రెండు వారాలు విశ్రాంతి తీసుకుంటే భుజం కుదుటపడుతుందన్నాడు డాక్టరు," అన్నాడు లెగ్ స్పిన్నర్, బూట్లు విప్పుకుంటూ. నాలుగొందల వికెట్లు తీసిన చేతికి లేసు ముడి లొంగడం లేదు.

భార్య వంగి ముడి విప్పింది. "అబద్ధం."

"నీకెలా తెలుసు?"

"గూగ్లీ వేసే ముందు మీరు నాలుకతో పైపెదవి తడుపుకుంటారు. ఇప్పుడూ తడుపుకున్నారు."

అతను కుర్చీలో కూలబడ్డాడు. అటు తిరుగుతుందనిపించి ఇటు తిరిగే ఆ బంతిని ఎవడూ పసిగట్టలేడని ఇరవై ఏళ్లుగా జబ్బలు చరుచుకుంటున్నాడు. కెమెరాలు పెట్టి వెతికినవాళ్లంతా అతని వేళ్లే చూశారు. మహా మాంత్రికుడి గుట్టు మాత్రం ఇన్నాళ్లూ ఇంట్లో సోఫా మీద బట్టలు మడతపెడుతూ కూర్చుంది.

"ఎప్పటినుంచి తెలుసు?"

"పెళ్లయిన కొత్తలోనే, టీవీలో చూసి."

"నాతో ఒక్క ముక్క అనొచ్చుగా. ఎవడైనా కనిపెట్టి ఉంటే నా కొంప మునిగేది."

"చెబితే మానేసేవారు. ఆ తర్వాత ఇంట్లో మీ అబద్ధాలు నేనెలా పట్టుకోను?"

అతనికి నవ్వొచ్చింది. ఊళ్లోవాళ్లందర్నీ బోల్తా కొట్టించి, రోజూ ఇంటికొచ్చి అవుటవుతున్నాడన్నమాట.

నవ్వు ఆగాక నెమ్మదిగా అన్నాడు. "ఇక జన్మలో బంతి వేయొద్దన్నాడు డాక్టరు."

ఆమె అతని పైపెదవి వంక చూసింది. అది పొడిగానే ఉంది.