కవరు వద్దమ్మా

“ఆ ఆకు ఇటివ్వండయ్యా, పారెయ్యకండి.”

తిన్న విస్తరి కోసం చెయ్యి చాపుతున్న ముసలామెను చూసి వినీల గబగబా అటు నడిచింది.

పటమట చర్చిలో ఆరోజు ప్రేమవిందు. థర్మాకోల్ ప్లేట్లు అందరికీ ముద్దొస్తున్న రోజులవి. అవి వద్దు, ప్లాస్టిక్ కవర్లూ వద్దని సంఘపెద్ద అబ్రహాము గారి చుట్టూ తిరిగి తిరిగి ఒప్పించింది వినీల. పర్యావరణం మీద ఎమ్మెస్సీ చేసింది మరి. చదివింది ఒక్కసారైనా చేసి చూపించాలని ఆమె తపన.

“ఇది సవ్యంగా జరిగితేనే వచ్చే నెల కూడా. లేదంటే మళ్లీ ప్లేట్లే,” అన్నారాయన.

బాదమాకుల విస్తళ్లు మాత్రం ఆయనే తెప్పించారు. ఎవరో హన్నా గారు కానుకగా ఇచ్చారట.

ఇంతమంది మధ్య ఈ ముసలామె ఎంగిలాకులు గోతంలో కుక్కుతుంటే ఏం బాగుంటుంది? వాటిల్లో మిగిలిన అన్నం కోసమే అయ్యుంటుంది. వినీలకు జాలీ వేసింది, చిరాకూ వేసింది.

“మామ్మా, ఆకలేస్తే అడగొచ్చుగా! ఎంగిలి ఏరుకోవడం ఏంటి?”

“ఆకలి కాదమ్మా, ఇయ్యన్నీ...”

“సరే సరే, ఇటు రా.”

వంటవాళ్ల దగ్గర ఎలాగో ఒక కవరు దొరికింది. అందులో బిర్యానీ వేసి, ముడేసి, ఆమె చేతిలో పెట్టి వెనక గేటు దాకా నడిపించింది.

“కవరు వద్దమ్మా. ఈయాళ కవర్లు లేవని అబ్రహాము గారు చెప్పారుగా.”

“పర్లేదులే, నీ ఒక్కదానికే. ఇంటికెళ్లి తిను.”

ముసలామె ఇంకేదో చెప్పబోయింది. వినీల గేటు వేసేసింది.

విందు చక్కగా ముగిసింది. అబ్రహాము గారు మైకులో వినీల పేరు చెప్పి మెచ్చుకున్నారు. ఆమెకు ఆనందంతో కళ్లు చెమర్చాయి.

“ఇక ప్రతి నెలా ఇంతేనమ్మా,” అన్నారు స్టేజి దిగి వస్తూ. “ఇంతకీ హన్నా గారేరి? కంకిపాడు నించి పొద్దున్నే వచ్చారే!”

“నేను చూళ్లేదండీ. ఎలా ఉంటారు?”

ఆయన వెనక్కి తిరిగారు. పెరట్లో పడున్న ఎంగిలాకుల గుట్టను చూసి తెల్లబోయారు.

“ఇవింకా ఇక్కడే ఉన్నాయేంటమ్మా? గోతం తెచ్చుకుందిగా ఆవిడ!”

వినీల వెనక గేటుకేసి పరుగెత్తింది. వీధిలో ఎవరూ లేరు. గేటు కొక్కేనికి బిర్యానీ కవరు వేలాడుతోంది, వేసిన ముడి వేసినట్టే.

వెనకే వచ్చిన అబ్రహాము గారు ఆయాసపడుతూ అన్నారు: “ఆవిడ అడిగిందొక్కటేనమ్మా... తిన్న ఆకులన్నీ తన ఎరువు గుంటకిస్తే, ఆ ఎరువుతో పెంచిన బాదంచెట్ల ఆకులు ప్రతి విందుకీ తనే కుట్టి తెస్తానంది.”